కోత పండుగలో వేలం వేసినవాడు

మిషన్ బడిలో పంతులుగా చేరితే అక్షరాలు నేర్పడమే పని అని అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కామారెడ్డిలో రైలు దిగి ఎల్లారెడ్డి వైపు వెళ్లే ఎడ్లబండి ఎక్కిన రోజున నా ట్రంకు పెట్టెలో పలకలు, రెండు జతల బట్టలు, హైదరాబాదు చర్చాసభల్లో నేను చదివిన వ్యాసాల కట్ట ఉన్నాయి. పలకలు మూడు నెలల్లో పగిలిపోయాయి. వ్యాసాలను చెదలు తిన్నాయి. సభల్లో సాన పెట్టుకున్న గొంతు ఒక్కటే మిగిలింది. ఆ గొంతు వల్ల ఒక మనిషి బతుకులో రెండేళ్లు పోవలసింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ సంగతే. బదిలీలు, తనిఖీలు, జీతం పెరిగిన తేదీలు ఎవరికీ పనికిరావు కాబట్టి వాటిని వదిలేస్తున్నాను.

ముందుగా నా నమ్మకం సంగతి. నేను క్రైస్తవుల ఇంట్లో పుట్టాను. ఇరవై ఏళ్ల వయసులో చర్చాసభలకు అలవాటు పడ్డాను. విగ్రహాల మీద, కులం మీద, బాల్యవివాహాల మీద గంటల తరబడి వాదించేవాణ్ణి. ఒక సాయంత్రం ఎదుటి పక్షంవాడు లేచి, "సరే, మా కథలు కట్టుకథలు. మరి మీ అద్భుతాలకు సాక్ష్యం ఏమిటి?" అని అడిగాడు. నిజాయితీగా ఇవ్వగల జవాబు నా దగ్గర లేదు. ఆ రోజు నుంచి అద్భుతాల గురించి బోధించడం మానేశాను. మిషన్ వాళ్లకు ఈ సంగతి తెలుసు. పంతుళ్లు దొరకడం కష్టం కాబట్టి చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

కాని క్రీస్తు ధనం గురించి చెప్పిన దానికి మాత్రం సాక్ష్యం కోసం వెతకాల్సిన పని లేదు. ఏ బజారులోనైనా కళ్లు తెరిచి పూటసేపు నిలబడితే చాలు. డబ్బు మనిషి చేతిలో ఉండాల్సింది పోయి, మనిషే డబ్బు చేతిలోకి వెళ్లిపోవడం అక్కడ కనిపిస్తుంది. క్రైస్తవ బోధలో నా బుద్ధి పూర్తిగా ఒప్పుకున్న భాగం ఇదే. అందుకే ఆ విషయంలో నేను తప్పు చేయనని గట్టిగా నమ్మాను. నేను చేసిన అతిపెద్ద తప్పు సరిగ్గా అక్కడే జరిగింది.

గంట వద్దన్న అయ్యగారు

నా మీద అధికారులు చాలామంది పనిచేశారు. వాళ్లలో చెప్పుకోదగినవాడు దేవదానం అయ్యగారు ఒక్కడే. పది ఊళ్లకు ఆయనే పాస్టరు. నల్ల గొడుగు పట్టుకొని కాలినడకన తిరిగేవాడు. మాట చాలా నెమ్మది. ఒక వాక్యం మొదలుపెట్టి ముగించేలోపు నేను మనసులో మూడు జవాబులు సిద్ధం చేసుకునేవాణ్ణి. ఆయనకు చదువు తక్కువని నా లోపల ఒక చులకన కూడా ఉండేది.

కామారెడ్డి బజారులో ధాన్యం కొట్టున్న ఒక సేటు పిల్లలు మా బడిలో చదివేవాళ్లు. ఆ కృతజ్ఞతతో మా ఊరి ప్రార్థన గుడికి గంట ఇస్తానన్నాడు. మాకు గంట లేదు. ఆదివారం ఒక ఇనుప ముక్కను రాయితో కొట్టేవాళ్లం. సంతోషంగా అయ్యగారిని వెంటబెట్టుకొని ఆ కొట్టుకు వెళ్లాను.

"మంచి కంచు గంట అయ్యగారూ," అన్నాడు సేటు. "కొడితె మీ ఊరు ఊరంత లేచి కూసుంటది. నా పేరు జర చిన్నగ చెక్కియ్యుండ్రి, గంతే."

అయ్యగారు గంట వైపు చూడలేదు. తక్కెడ పక్కనున్న తూకపు రాళ్లను చూస్తూ అన్నాడు: "సేటూ, నీ తాన రెండు తీర్ల రాళ్లున్నయని అంటరు. కొనేటప్పుడు ఒకటి, అమ్మేటప్పుడు ఒకటి. నిజమేనా?"

సేటుకు కోపం రాలేదు. నవ్వాడు. "యాపారమన్నంక గట్లనే ఉంటది గద. నేనొక్కన్నే చేస్తున్ననా?"

"గంట వద్దు. రాళ్లు మార్చు. మావోళ్లు జొన్నలు తెచ్చేది నీ కొట్టుకే. గంట కన్న గది పెద్ద కానుక."

"బాగానే ఉన్నది! రాళ్లు మారిస్తె నా పేరు ఏడ చెక్కిస్తరు?"

గంట లేకుండానే తిరిగి వచ్చాం. సేటు రాళ్లు మార్చాడో లేదో నాకు తెలియదు. మార్చలేదనే నా అనుమానం. ఊరికే వచ్చే గంటను పోగొట్టిన మొండి మనిషి అని ఆ రోజు అయ్యగారి మీద తీర్పు చెప్పేశాను. ఇచ్చే చేతిని అందరూ మెచ్చుకుంటారు. సొమ్ము ఆ చేతిలోకి ఎలా వచ్చిందని అడిగేవాళ్లు అరుదు. అడిగినవాణ్ణి మొండివాడంటారు. నేనూ అన్నాను.

నా గొంతుకు దొరికిన పని

మా సంఘంలో పాతిక ఇండ్లు ఉండేవి. అందరూ మాల, మాదిగ ఇండ్ల నుంచి వచ్చినవాళ్లే. అందరూ ఊరి దొర పొలాల్లో పనిచేసేవాళ్లే. యాసంగి జొన్నలు కోసిన తర్వాత కోత పండుగ చేసేవాళ్లం. ఎవరికి కలిగింది వాళ్లు తెచ్చి గుడిలో బల్ల ముందు పెట్టేవాళ్లు: జొన్న కంకులు, గుమ్మడికాయలు, గుడ్లు, కోళ్లు, అప్పుడప్పుడు ఒక మేకపిల్ల. ప్రార్థన అయ్యాక వాటిని అక్కడే వేలం వేసేవాళ్లం. ఎనిమిది అణాల కోడిని రూపాయికి పాడుకుంటే ఆ ఎక్కువ పెట్టింది కూడా కానుక కిందికే వస్తుంది. తెచ్చి పెట్టడానికి ఏమీ లేనివాడు కూడా అలా ఎంతో కొంత ఇచ్చినట్టవుతుంది. ఆచారంగా చూస్తే అందులో తప్పు పట్టవలసింది లేదు. నవ్వులతో గడిచిపోయే మధ్యాహ్నం అది.

నేను రాకముందు సంఘం పెద్ద ఇసాకు వేలం వేసేవాడు. ఆయన గొంతుకు జనం ఆవులించేవాళ్లు. నేను వచ్చిన రెండో ఏడు ఆ పని నాకప్పగించారు. ఆ ఏడు సొమ్ము రెండింతలైంది. మరుసటి ఏడు ఇంకా పెరిగింది. మిషన్ పై అధికారి, తెల్లదొర, కామారెడ్డిలో నన్ను పిలిచి వెన్ను తట్టాడు. ఇంకో మూడు సంఘాల వాళ్లు తమ పండుగకు నన్ను బండి కట్టి తీసుకెళ్లారు. నా అంత పేరున్న పంతులు ఆ చుట్టుపక్కల లేడు. ఆ పేరు పాఠాల వల్ల రాలేదు.

నా కిటుకు ఏమిటో ఇక్కడ ఒప్పుకుంటాను. చర్చాసభల్లో నేర్చుకున్నదే. ఎదుటి మనిషికి ఎక్కడ నొప్పి ఉందో, ఎక్కడ గర్వం ఉందో కనిపెట్టి, సరిగ్గా అక్కడ తట్టాలి. వాదంలో అలా తడితే మనిషి తడబడతాడు. వేలంలో తడితే పాట పెంచుతాడు. నేను దీన్ని దేవుని పని అనుకున్నాను. అద్భుతాలు నమ్మని నేను, పాతిక పేద ఇండ్లలోంచి అంత సొమ్ము ఎలా వస్తోందని మాత్రం ఒక్కసారీ ప్రశ్నించుకోలేదు.

నల్ల పెట్ట

నిజాంసాగర్ కట్ట పూర్తై కాలువల్లో నీళ్లు పారుతున్న రోజులవి. మా ఊరి సామ్యేలు అక్కడ కాలువ పనుల్లో మేస్త్రి అయ్యాడు. ఆ ఏడు పండుగకు కాళ్లకు బూట్లు, జేబులో నోట్లు వేసుకొని వచ్చాడు.

ఆ రోజు ఎల్లవ్వ ఒక నల్ల పెట్టను తెచ్చింది. బాప్తిస్మంలో ఆమెకు ఎలీసబెత్తు అని పేరు పెట్టారు కాని, ఆ పేరుతో పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి చూసేది కాదు. ఆమె కొడుకు లాజరు. అప్పటికి ముప్పై ఏళ్లు ఉండవు. తండ్రి చేసిన అప్పు కింద ఎనిమిదేళ్లు దొర ఇంట్లో జీతం ఉన్నాడు. జీతం ఉండడమంటే నెలకింత తీసుకోవడం కాదు. అప్పు తీరేదాకా తెల్లవారకముందు వెళ్లి, అందరూ పడుకున్నాక ఇల్లు చేరే చాకిరీ. రెండేళ్ల కిందటే విడుదలై, కూలికి వెళుతూ, తాళ్లు పేనుతూ సొంతంగా బతుకుతున్నాడు. పెళ్లయింది. భార్యకు నెలలు నిండుతున్నాయి.

నల్ల పెట్టను చేతిలో ఎత్తి పట్టుకున్నాను. సామ్యేలు రూపాయి అన్నాడు. లాజరు రూపాయిన్నర అన్నాడు. తల్లి తెచ్చిన కోడిని కొడుకే పాడుతున్నాడని జనం నవ్వారు.

"రెండు," అన్నాడు సామ్యేలు. "ఏందిర లాజరూ, జీతగాండ్లు గుడ కోండ్లు కొంటున్నరా ఇప్పుడు?"

ఒక మంచి పంతులు అక్కడ ఆపేవాడు. నాకు మాత్రం తట్టవలసిన చోటు కనిపించింది.

"ఇన్నవా లాజరూ?" అన్నాను గొంతెత్తి. "మేస్త్రిగారు ఏమంటుండో ఇన్నవా? మీ అవ్వ పెంచిన కోడి బూట్లోని ఇంట్ల కూరయితదా, మల్ల మీ ఇంటికే అస్తదా? చెప్పు!"

"మూడు!" అన్నాడు లాజరు.

"అయిదు," అన్నాడు సామ్యేలు నవ్వుతూ.

తర్వాత సంగతి ఎక్కువ రాయను. ఎనిమిది, పది, పన్నెండు. జనం నవ్వడం మానేసి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఆడవాళ్ల వైపు నుంచి ఎల్లవ్వ "చాలు బిడ్డా, చాలు" అనడం నాకు స్పష్టంగా వినిపించింది. నేను ఆపలేదు. ఇరవై దగ్గర సామ్యేలు చేతులు దులుపుకొని కూర్చున్నాడు. అప్పుడైనా ఊరుకోవచ్చు. కాని సామ్యేలు "పోనియ్, దొర తాన ఇంక అప్పు పుడ్తది తియ్" అని గొణిగాడు. లాజరు లేచి నిలబడి, తన పాట మీద తానే ఇంకో రెండు రూపాయలు పెంచాడు.

ఇరవై రెండు రూపాయలు. నా నెల జీతం పద్నాలుగు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని బల్ల మీద కొట్టాను. జనం స్తుతి పాట ఎత్తుకున్నారు. ఆ సంఘంలో ఒక కోడికి అంత ధర ఎన్నడూ రాలేదు. గుడి కప్పుకు రేకులు వేయించాలని రెండేళ్లుగా అనుకుంటున్నాం. ఆ లోటు దాదాపు తీరిపోయింది.

మరుసటి ఆదివారం లాజరు మొత్తం సొమ్ము తెచ్చి కానుక పెట్టెలో వేశాడు. దేవదానం అయ్యగారు పండుగకు ముందే వేరే ఊళ్లకు వెళ్లాడు కాబట్టి ఆ రోజు ఆరాధన నేనే నడిపాను. అందరి ముందూ లాజరును నిలబెట్టి, ఇవ్వడమంటే ఇలా ఉండాలని చెప్పాను. అతను తల ఎత్తలేదు. వినయం అనుకున్నాను.

తప్పు ప్రశ్నకు జవాబు

అయ్యగారు తిరిగి వచ్చిన రోజు నేను ఉత్సాహంగా సంగతంతా చెప్పాను. ఆయన ఒక్క మాటే అడిగాడు.

"ఇర్వై రెండు రూపాలు లాజరుకు ఏడికెల్లి అచ్చినయి?"

నాకు తెలియదు. ఇద్దరం లాజరు ఇంటికి వెళ్లాం. అతను తాడు పేనుతూ కూర్చున్నాడు. లేచి మంచం వాల్చాడు. అయ్యగారు అడగకముందే చెప్పేశాడు.

"దొర తాన తెచ్చిన అయ్యగారూ. ఉగాది సంది రెండేండ్లు జీతం ఉంటనని కాయితం మీద ఏలిముద్ర నిశాని పెట్టిన."

ఉగాదికి పన్నెండు రోజులు ఉంది. మా వైపు జీతం ఉగాదితో మొదలవుతుంది. ఆలోగా సొమ్ము తిరిగి ఇచ్చేస్తే ఒప్పందం రద్దవుతుంది. ఆ రోజు దాటితే రెండేళ్లు గడవాల్సిందే, దొర ఆ సొమ్మును ముట్టుకోడు.

"నీ పైసలు పెట్టెలనే ఉన్నయి. తీస్కపోయి ఇచ్చెయ్," అన్నాడు అయ్యగారు.

"ఎట్ల తీస్కుంట? దేవుని ముందట నోటితోని అన్న. మాట తప్పితె నా పెండ్లాం కడుపుల బిడ్డకు ఏమన్న అయితె?"

అప్పుడు నేను అందుకున్నాను. అది నా ఇలాకా అనుకున్నాను. దేవుడు బిడ్డను చంపే అప్పులవాడు కాడని చెప్పాను. పోచమ్మకు మొక్కు చెల్లించకపోతే రోగం వస్తుందని మీ తాతలు భయపడ్డారు, ఆ భయాన్నే నువ్వు ఈ గుడిలోకి మోసుకొచ్చావని చెప్పాను. వేలంపాట మొక్కు కాదు, బజారు బేరం లాంటిదన్నాను. ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎక్కడా సందు లేకుండా వాదించాను. హైదరాబాదులో అయితే సభ లేచి చప్పట్లు కొట్టేది.

లాజరు అంతా విన్నాడు. "నిజమే పంతులూ," అన్నాడు. "గని సామ్యేలు ఇంటడు గద."

తర్కం ఓడిపోయిందని నేను అనను. తర్కం ఎప్పుడూ నిజమే చెబుతుంది, దాన్ని అడిగిన ప్రశ్నకు. నేను తప్పు ప్రశ్నకు జవాబు చెబుతున్నాను. అతన్ని కట్టిపడేసింది మూఢనమ్మకం ఒక్కటే కాదు, సిగ్గు. జీతగాడన్న మాట అందరి ముందు పడింది. దాన్ని కడుక్కోవడానికి అతను మళ్లీ జీతానికి ఒప్పుకున్నాడు. ఆ సిగ్గుకు అంత ధర కట్టించినవాణ్ణి నేను.

పెద్దలు కూడా ఒప్పుకోలేదు. ఇసాకు ఇంటి ముందు కూర్చొని మాట్లాడారు.

"పెట్టెల పడ్డదంటె దేవునిదే," అన్నాడు ఇసాకు. "ఇయ్యాల లాజరు తీస్కుంటడు, రేపు ఇంకొకడు అస్తడు. రేకుల సంగతేంది అయ్యగారూ? వానలు పడంగనే గుడిల బురద తొక్కుదామా?"

"రేకుల కింద కూసొని, లాజరు దొర ఎడ్లను తోలుకపోతుంటె చూద్దామా?" అన్నాడు అయ్యగారు.

ఇసాకు చెడ్డవాడు కాదు. ఆ గుడి గోడలు అతను తన చేతులతో కట్టాడు. దేవుని సొమ్మును కాపాడుతున్నాననే అతని నమ్మకం. సొమ్ము ఎవరి కోసమో మరిచిపోయి సొమ్మును కాపాడేవాళ్లు సాధారణంగా చాలా నిజాయితీపరులే అయి ఉంటారు. ఈ ఉద్యోగంలో మీకు వాళ్లతోనే ఎక్కువ పని పడుతుంది. దొంగలతో తక్కువ.

పాస్టరు ఒక్కడి మాటతో పెట్టె తెరవడానికి వీలు లేదు. ఇచ్చినవాడు అడగాలి, లేదా పెద్దలు ఒప్పుకోవాలి. లాజరు అడగడు, పెద్దలు ఒప్పుకోరు. ఉగాది దగ్గరపడుతోంది.

ఎల్లవ్వ

ఉగాదికి ముందు ఆదివారం ఎల్లవ్వ నల్ల పెట్టను చంకలో పెట్టుకొని గుడికి వచ్చింది. అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టబోతున్నాడు. ఆమె నేరుగా ముందుకు వెళ్లి కోడిని బల్ల మీద పెట్టింది. అది రెక్కలు కొట్టుకుంటే ఒక చేత్తో అణిచిపట్టి నిలబడింది.

"అయ్యగారూ, ఈ కోడి నాది. నేను కానుక ఇచ్చిన. ఇప్పుడు ఎనుకకు తీస్కుంటున్న."

పిల్లలు నవ్వారు. పెద్దవాళ్లు నవ్వలేదు. ఇసాకు లేచాడు.

"అవ్వా, మతి ఉన్నదా? దేవునికిచ్చినంక గుంజుకుంటె పాపం తగుల్తది."

"నాకు తగలనియ్. ముసల్దాన్ని, ఎన్ని దినాలుంట? నా కోడలికి తగలొద్దు."

"అవ్వా, ఊకో," అన్నాడు లాజరు మగవాళ్ల వైపు నుంచి. ముఖం ఎర్రబడింది.

"నువ్వే ఊకోర. కానుక నాది. నీదా? నేను కానుక తీస్కున్ననంటె ఏలం లేనట్టే. ఏలం లేకపోతె నువ్వు అన్న మాట ఏడున్నది? నువ్వు మాట తప్పలె. నేను తప్పిన. పో, సామ్యేలుకు గట్లనే చెప్పుకో. మా అవ్వ దేవుని సొమ్ము గుంజుకున్నదని చెప్పుకో."

నా పుస్తకాలన్నిట్లో నాకు దొరకని మెట్టు అది. కొడుకు పరువు పోకుండా మాట వెనక్కి తీసుకోవడానికి ఒక్కటే దారి ఉంది. ఇంకొకరు తమ పరువు పెట్టాలి. ఆమె దగ్గర ఖర్చు పెట్టడానికి వేరే ఏదీ లేదు.

ఆమె అంతటితో ఊరుకోలేదు. నా వైపు తిరిగింది.

"పంతులూ, ఆ దినం నేను చాలు చాలు అన్న. నువ్వు ఇన్నవా, ఇనలేదా?"

గుడంతా నా వైపు చూస్తోంది. వినలేదని చెప్పవచ్చు. అంత గోలలో వినిపించలేదంటే అందరూ నమ్మేవాళ్లు.

"ఇన్న, అవ్వా," అన్నాను.

"ఇని గుడ ఆపలె. నేను తెచ్చింది కోడిని. నువ్వు ఏలం పెట్టింది నా కొడుకుని."

నా వృత్తిజీవితంలో నా మీద అధికారులు రాసిన తీర్పులు చాలా ఉన్నాయి. ఏదీ దీని ముందు నిలబడదు.

అయ్యగారు ఆ రోజు ప్రసంగం చేయలేదు. ఇచ్చినవాళ్లు అడుగుతున్నారు కాబట్టి పెట్టె తెరుస్తున్నానని మాత్రం అన్నాడు. ఇసాకు అడ్డం రాలేదు. బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. అయ్యగారు ఇరవై రెండు రూపాయలు తీసి, ఎల్లవ్వకు కాకుండా నా చేతిలో పెట్టాడు.

"నువ్వే తీస్కపో," అన్నాడు.

గడి ముందు

ఆ రోజే లాజరు, నేను దొర గడికి, కోటలాంటి ఆ ఇంటికి వెళ్లాం. మధ్యాహ్నం. దొర వసారాలో కుర్చీలో కూర్చొని ఉన్నాడు. లాజరు వంగి నిలబడ్డాడు.

"ఏందిర, ఉగాదికి ఇంక రెండు దినాలున్నది. అప్పుడే అచ్చినవు?"

"పైసలు తెచ్చిన దొరా, నీ బాంచన్. మొత్తం ఉన్నయి."

"ఏడికెల్లి అచ్చినయిర?"

లాజరు నా వైపు చూశాడు. "గుడిల ఇచ్చినయి," అన్నాను. "గుడి తిరిగి ఇచ్చింది."

దొర నమ్మలేదు. నోట్లు చూసి నమ్మాడు. గట్టిగా నవ్వాడు.

"మా గుళ్లె పడ్డ పైస ఎన్నడన్న ఎనుకకు అచ్చిందా? ఏం దేవుడయ్యా మీ దేవుడు! జర అమాయకుడున్నట్టున్నడు."

క్రైస్తవ మతం మీద ఒక దొర నోట నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే. ఆయన దాన్ని మెచ్చుకోలుగా అనలేదు. వడ్డీ అని, కాగితం ఖర్చు అని ఇంకో రెండు రూపాయలు అడిగాడు. నా జేబులోంచి ఇచ్చాను. నిశాని పెట్టిన కాగితాన్ని దొర రెండు ముక్కలు చేసి కింద పడేశాడు. లాజరు ఆ ముక్కలు ఏరుకొని పంచెలో చుట్టుకున్నాడు.

తిరుగుదారి పట్టాం. క్షమించమని అడగాలని నేను లోలోపల మాటలు పేర్చుకుంటున్నాను. అతనే ముందుగా మాట్లాడాడు.

"పంతులూ, అచ్చే ఏడు నువ్వు ఏలం ఎయ్యకు."

"ఎయ్యను."

"ఏస్తె నేను మల్ల పాడుత. నా సంగతి నాకు ఎర్కే."

తర్వాత మిగిలినవి

వేలం ఆగిపోయింది. నేను వేయనన్నాను. వేరేవాళ్లు వేయడానికి అయ్యగారు ఒప్పుకోలేదు. దాని బదులు ప్రతి ఇంట్లో వంటకు జొన్నలు తీసేటప్పుడు ఒక గుప్పెడు పక్కన ముంతలో వేయమన్నాడు. వారానికోసారి అన్ని ముంతలూ ఒకే గంపలో పోసేవాళ్లు. ఎవరి గుప్పెడు ఎంతో తెలిసేది కాదు. ఆ గింజలు ముందుగా జబ్బుపడ్డ ఇంటికి వెళ్లేవి, మిగిలినవి గుడికి. అందులో చప్పట్లు లేవు. సొమ్ము సగానికి పైగా తగ్గింది. తెల్లదొర నన్ను కామారెడ్డికి పిలిపించి, ఎందుకు తగ్గిందని అడిగాడు. చెప్పాను. ఆయన కిటికీలోంచి చూస్తూ విన్నాడు. ఆ తర్వాత ఏ సంఘమూ పండుగకు నాకు బండి పంపలేదు. రేకులు రావడానికి ఇంకో రెండు వానాకాలాలు పట్టింది. ఇసాకు చెప్పినట్టే బురద తొక్కాం.

కొత్తగా ఈ పనిలో చేరేవాళ్లతో నేను ఘాటుగానే ఒక మాట చెబుతాను. పేదవాడు ఎక్కువ ఇచ్చినప్పుడు మన మతం చాలా తొందరగా కన్నీళ్లు పెట్టుకుంటుంది, పాట ఎత్తుకుంటుంది. ఆ పాటకు ముందు ఒక్క నిమిషం ఆగి, ఈ సొమ్ము ఇతని ఇంట్లో ఏం కావలసింది అని అడగండి. ధనవంతుడు సంపాదన గురించి ప్రశ్న తప్పించుకోవడానికి ఇస్తాడు. పేదవాడు అవమానం తప్పించుకోవడానికి ఇస్తాడు. రెండింటినీ మనం కానుక అనే అంటాం. అందరి ముందు ఇచ్చేది చాలావరకు కొనుగోలే. దీనికి దైవశాస్త్రం అక్కరలేదు, చూసే కళ్లు చాలు. ఆ కళ్లు ఉన్నాయని ఊరూరా చెప్పుకున్న నేనే చూడలేదు కాబట్టి, మీరు చూడకపోతే మిమ్మల్ని తిట్టే హక్కు నాకు లేదు.

లాజరు మళ్లీ జీతానికి వెళ్లలేదు. కూతురు పుట్టింది. బాగానే ఉంది. సామ్యేలు తర్వాత కూడా బూట్లతోనే వచ్చేవాడు. ఆ సంగతి గురించి ఇద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు.

ఎల్లవ్వను మాత్రం పెద్దలు వదిలిపెట్టలేదు. దేవునికి ఇచ్చిన కానుకను గుంజుకున్నందుకు మూడు నెలలు ప్రభు బల్లకు రాకూడదని తీర్మానించారు. అది పెద్దల చేతిలోని విషయం. అయ్యగారు రెండుసార్లు వాదించి ఓడిపోయాడు. మొదటి నెల రొట్టె, రసం పంచే సమయంలో అందరూ ముందుకు వెళ్లారు. ఆమె ఒక్కతే గోడకు ఆనుకొని వెనక కూర్చుండిపోయింది. నా వల్లే కదా అని, ఆరాధన అయ్యాక ఆమె దగ్గరకు వెళ్లాను. బాధగా ఉందా అని అడిగాను.

ఎల్లవ్వ చెంగు దులుపుకొని లేచింది.

"బల్ల కాడికి రావద్దన్నరు. రాలె. ఇంట్లకు పోవద్దనలే గద! నా కొడుకు పొద్దుగూకక ముందే ఇంటికస్తుండు, పంతులూ. ఎనిమిదేండ్లు వాని పళ్లెంల జొన్న గటక సల్లారి రాయయ్యేది. ఇప్పుడు పొయ్యి మీంచి దించంగనే తింటుండు. జరుగు, పొయ్యి ముట్టియ్యాలె."